జట్టు ఊరు మారితే: ఐస్ హాకీ మీద శ్రోతల ఫోన్లు

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. అమెరికాలో చిన్న లీగుల ఐస్ హాకీ జట్లు ఒక ఊరు వదిలి ఇంకో ఊరికి వెళ్తుంటాయి. సీజన్ టికెట్లు కొన్నవాళ్ళు, పిల్లల్ని ఐస్ మీద ఆడే రింకులో చేర్చినవాళ్ళు, జట్టు ఆఫీసులో పనిచేసేవాళ్ళు మన తెలుగువాళ్ళలోనూ ఉన్నారు. వాళ్ళ ప్రశ్నలకి ఈ గంట. స్టూడియోలో లీగ్ వ్యవహారాలు తెలిసిన మేడమ్, రింకుల నిర్వహణ తెలిసిన సార్ ఉన్నారు. మొదటి ఫోన్ కాలిఫోర్నియాలోని ట్రేసీ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మా పక్కన స్టాక్టన్‌లో ఆడే హాకీ జట్టు స్టాక్టన్ హీట్ 2022లో కెనడాలోని కాల్గరీకి వెళ్ళిపోయింది కదా. ఆ ఏడాది బాగా ఆడారు కూడా. బాగా ఆడే జట్టుని ఎందుకు తీసుకెళ్ళారు? మళ్ళీ మాకు జట్టు వస్తుందా?

లీగ్ నిపుణురాలు: బాగా ఆడటానికీ, ఊళ్ళో ఉండటానికీ సంబంధం తక్కువండీ. హీట్ ఆ ఏడాది వెస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళి షికాగో వుల్వ్స్ చేతిలో ఓడింది. అంతకన్నా పెద్ద ఉదాహరణ న్యూ హ్యాంప్‌షైర్‌లోని మాంచెస్టర్ మోనార్క్స్. 2015లో వాళ్ళు తమ లీగ్ ట్రోఫీ కాల్డర్ కప్పే గెలిచారు. అప్పటికే ఆ ఫ్రాంచైజీ న్యూ హ్యాంప్‌షైర్ వదలడం ఖాయమైపోయింది.

కారణం దూరం. హీట్, మోనార్క్స్ ఆడింది ఏహెచ్‌ఎల్‌లో, అంటే అన్నిటికన్నా పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌కి ఒక మెట్టు కింద. ఏహెచ్‌ఎల్ జట్టు పని ఎన్‌హెచ్‌ఎల్ జట్టుకి ఆటగాళ్ళని తయారుచేయడం, అడిగిన పూట పంపడం. మోనార్క్స్ పైజట్టు లాస్ ఏంజెలెస్ కింగ్స్‌లో పొద్దున ఒకరికి దెబ్బ తగిలితే సాయంత్రం మ్యాచ్‌కి బదులు మనిషి కావాలి. ఆ మనిషి దేశం ఆ చివర న్యూ హ్యాంప్‌షైర్‌లో ఉంటే ఎలా? అందుకే 2015లో ఐదు ఏహెచ్‌ఎల్ ఫ్రాంచైజీలు ఒకేసారి కాలిఫోర్నియాకి వచ్చాయి. మాంచెస్టర్ నుంచి ఆంటేరియోకి, నార్ఫోక్ నుంచి శాన్ డియాగోకి, ఓక్లహోమా సిటీ నుంచి బేకర్స్‌ఫీల్డ్‌కి, వూస్టర్ నుంచి శాన్ హోజేకి, గ్లెన్స్ ఫాల్స్ నుంచి మీ స్టాక్టన్‌కి. హీట్ యజమాని కాల్గరీ ఫ్లేమ్స్. 2022లో వాళ్ళు దాన్ని సొంత ఊరికే తీసుకెళ్ళారు. కారణం అదే, దూరం.

శ్రోత: అప్పుడు మా పాత థండర్ జట్టు ఏమైనట్టు?

లీగ్ నిపుణురాలు: అది ఒక మెట్టు కింద, ఈసీహెచ్‌ఎల్ జట్టు. కాలిఫోర్నియాలో ఉన్న మూడు ఈసీహెచ్‌ఎల్ జట్లు తూర్పున ఖాళీ అయిన ఊళ్ళకి వెళ్ళాయి. థండర్ గ్లెన్స్ ఫాల్స్‌కి పేరుతో సహా వెళ్ళింది. మిగతా రెండు చోట్ల మాత్రం పేర్లు ఊళ్ళకే మిగిలాయి. బేకర్స్‌ఫీల్డ్‌లో కాండార్స్ కాండార్స్‌గానే ఉంది, ఆంటేరియోలో రెయిన్ రెయిన్‌గానే ఉంది, కానీ వాటి వెనక ఉన్న ఫ్రాంచైజీలు వేరు. జట్టు వెళ్ళిందంటే నిజానికి వెళ్ళేది లీగులో సభ్యత్వం అనే కాగితం. పేరు, రంగులు, లోగో ఎవరివన్నది విడిగా తేల్చుకునే సంగతి. మీ ఊరి పేరు మీకు మిగలాలంటే నగరపాలక సంస్థ లీజు రాసేటప్పుడే ఆ మాట అందులో పెట్టించుకోవాలి. జట్టు వెళ్ళేటప్పుడు అడిగితే ఇవ్వరు.

మళ్ళీ వస్తుందా అంటే, ఏహెచ్‌ఎల్‌లో 32 జట్లు, ఎన్‌హెచ్‌ఎల్‌లో 32. ఒకదానికి ఒకటి. కాబట్టి ఇంకో ఊరు వదులుకుంటేనే మీకు రావాలి. ఈసీహెచ్‌ఎల్ సంగతి చూస్తే 2015 తర్వాత కాలిఫోర్నియాలో ఆ లీగ్ జట్టే లేదు. ఆ జట్లకి ప్రయాణం ఖర్చే పెద్ద బరువు. మీకు దగ్గర్లో చూడాలంటే శాన్ హోజే బారాకూడా ఉంది. 2022 నుంచి సొంత హాల్లో ఆడుతున్నారు, 4,200 సీట్లు. ఎక్కడ కూర్చున్నా ఐస్ దగ్గరే.

వ్యాఖ్యాత: తర్వాతి వారు ఊరు పేరు చెప్పలేదు. చెప్పండి సార్.

శ్రోత: మా ఊరి జట్టు వచ్చే సీజన్‌కి ఉండదని ప్రకటించింది. మా సీజన్ టికెట్‌కి కార్డు మీద నెలనెలా డబ్బు కట్ అవుతోంది. ఆపేయమని బ్యాంకుకి చెప్పేయనా?

లీగ్ నిపుణురాలు: ఆగండి. ముందు ఆ డబ్బు ఏ సీజన్‌దో చూసుకోండి. నడుస్తున్న సీజన్ వాయిదాలైతే ఆపకండి, ఆపితే మిగిలిన మ్యాచ్‌ల టికెట్లు మీ ఖాతాలోంచి తీసేస్తారు. వచ్చే సీజన్ అడ్వాన్స్ అయితే ఈరోజే ఈమెయిల్ పంపండి. ఖాతా నంబరు, కట్టిన తేదీలు, మొత్తం రాసి, ఆటో రెన్యువల్ రద్దు చేస్తున్నాం, అడ్వాన్స్ తిరిగి ఇవ్వండి అని రెండు వాక్యాలు చాలు. ఫోన్‌లో చెప్తే రికార్డు ఉండదు. ఆ ఆఫీసులో మనుషులు వారం వారం తగ్గిపోతుంటారు కాబట్టి ఆలస్యం చేయొద్దు.

జవాబు రాకపోతే కార్డు కంపెనీకి వెళ్ళండి. క్రెడిట్ కార్డు అయితే చట్టం ప్రకారం ఆ ఛార్జీ ఉన్న స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. గడువు దాటినా అడిగి చూడండి, సేవ అందాల్సిన తేదీ నుంచి లెక్కించే బ్యాంకులు ఉన్నాయి. డెబిట్ కార్డుకి ఈ రక్షణ ఇంత గట్టిగా ఉండదు. ఇంకొకటి, పార్కింగ్ పాస్, తినుబండారాల కోసం వేసిన డబ్బు చాలాసార్లు జట్టుది కాదు, హాలు నడిపేవాళ్ళది. వాళ్ళకి వేరే ఉత్తరం రాయాలి. అందరూ మర్చిపోయేది ఇదే.

వ్యాఖ్యాత: న్యూ జెర్సీ, రాబిన్స్‌విల్ నుంచి ఇంకొకరు.

శ్రోత: హలో అండీ. యూటా గ్రిజ్లీస్ 2026-27 నుంచి మా పక్కన ట్రెంటన్‌కి వస్తోంది. ఇక్కడ ఈసీహెచ్‌ఎల్ 2013లో ఆగిపోయింది. ఇంత గ్యాప్ తర్వాత ఒక హాల్లో మళ్ళీ ఐస్ వేయాలంటే మామూలుగా ఏమేం చేయాలి? నీళ్ళు పోసి గడ్డ కట్టించడమే కదా అని మా ఇంట్లో వాదన.

రింక్ నిపుణుడు: నీళ్ళు పోయడం ఆఖరి పనండీ. ట్రెంటన్ హాలు ఇప్పుడు ఎలా ఉందన్నది నేను చెప్పను, ఏ హాలుకైనా వర్తించేది చెప్తాను.

నేల దగ్గర మొదలుపెడదాం. కాంక్రీటు లోపల సుమారు 4 అంగుళాలకొకటి చొప్పున పైపులుంటాయి. 85 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు రింకుకి లెక్కేస్తే దాదాపు 10 మైళ్ళ పైపు. అందులో బాగా చల్లబరిచిన ఉప్పునీళ్ళు, అంటే కాల్షియం క్లోరైడ్ కలిపినవి, లేదా గ్లైకాల్ తిరుగుతాయి. చాలాకాలం వాడని హాల్లో మొదట పైపులకి ప్రెషర్ టెస్ట్ చేయాలి. పైపులన్నీ కలిసే హెడర్ దగ్గర తుప్పు పడుతుంది. అక్కడ కారితే ట్యాంకులో మట్టం రోజురోజుకీ తగ్గుతుంది, ఐస్ మీద ఒక చోట మెత్తగా మచ్చలు కనిపిస్తాయి. అప్పుడు కనిపెట్టడం అంటే సీజన్ మధ్యలో నేల తవ్వడమే.

నేల కింద ఇన్సులేషన్, దాని కింద మట్టిని వెచ్చగా ఉంచే పైపులు ఉండాలి. అవి పనిచేయకపోతే నెలల తరబడి చలికి కింది మట్టి గడ్డకట్టి, ఉబ్బి, కాంక్రీటుని పైకి లేపుతుంది. ఒకసారి నేల లేచిందంటే పైన ఐస్ ఎంత బాగా వేసినా ఒక పక్క పలచగా, ఒక పక్క మందంగా ఉంటుంది.

తర్వాత గాలి. హాల్లో వేడి దాదాపు 60 డిగ్రీల ఫారెన్‌హీట్, తేమ 40 శాతం ఆ చుట్టుపక్కల ఉండాలి. తేమ తీసే యంత్రం సరిపోకపోతే జనం వచ్చి తలుపులు తెరవగానే అద్దాల మీద నీరు పడుతుంది, ఐస్ మీద పొగమంచు లేస్తుంది, పైన సన్నటి బూజులా మంచు పేరుకుంటుంది. పుక్, అంటే ఆడే బిళ్ళ, జారదు. అక్టోబరు మొదటి మ్యాచ్‌లలో ఇది ఎక్కువ, బయట ఇంకా ఉక్కగా ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు ఐస్. కాంక్రీటుని కడిగి, ఒకటి రెండు రోజులు మెల్లగా చల్లబరచాలి. తొందరపడి ఒక్కసారిగా దింపితే నేల పగులుతుంది. సన్నటి తుంపరగా రెండు మూడు పొరలు, ఒక్కోటి అంగుళంలో 16వ వంతు కంటే పలచగా. దాని మీద తెల్ల రంగు రెండు మూడు కోట్లు, దాన్ని మూసే తుంపర. అప్పుడు గీతలు. గోల్ గీత గోడ నుంచి 11 అడుగులు, నీలం గీత అక్కడి నుంచి 64, మధ్య భాగం 50. రెండు వైపులా కలిపితే 200 వస్తుంది, కొలిచేవాళ్ళు ఆఖర్న ఈ కూడిక చేసుకోవాలి. లోగోలు వేసి, మళ్ళీ తుంపరతో మూసి, అప్పుడు పలచగా నీళ్ళు పోస్తూ అంగుళం, అంగుళంబావు దాకా తేవాలి. అంగుళం మందానికి సుమారు 10,000 గ్యాలన్లు.

తప్పు ఇక్కడే జరుగుతుంది. ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడిందని ఒకేసారి ఎక్కువ నీళ్ళు వదులుతారు. పైన గడ్డకడుతుంది, లోపల గాలి చిక్కుకుంటుంది. స్కేటు పడగానే పెంకులా లేచిపోతుంది, రంగులు ఒకదాంట్లోకి ఒకటి పారతాయి. తీసేసి మొదటి నుంచి వేయడం తప్ప మందు లేదు. ఇరవై నాలుగ్గంటలూ షిఫ్టుల్లో మనుషులుంటే నాలుగైదు రోజుల్లో అవుతుంది, లేకపోతే వారం పెట్టుకోండి. ఊరి నీళ్ళు ఎలాంటివో కూడా చూడాలి. ఖనిజాలు ఎక్కువుంటే ఐస్ మసకగా, మెత్తగా వస్తుంది. శుద్ధి చేసే ప్లాంటు పెట్టుకోవడం మంచిది.

శ్రోత: మ్యాచ్ రోజు ఐస్ ఎంత చల్లగా ఉండాలి?

రింక్ నిపుణుడు: పైభాగం 22 నుంచి 24 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు మైనస్ 5 సెల్సియస్. మరీ చల్లబరిస్తే పెళుసై అంచులు రాలుతాయి. అదే హాల్లో బాస్కెట్‌బాల్, కచేరీలు ఉంటే ఐస్ తీయరు, పైన ఇన్సులేషన్ పలకలు పరుస్తారు. పలకలు ఎత్తిన రోజే మ్యాచ్ పెట్టకపోవడం మంచిది. షెడ్యూల్ వేసేటప్పుడే ఒక పూట ఖాళీ అడిగి పెట్టుకోవాలి.

వ్యాఖ్యాత: లైన్‌లో ఒక అమ్మాయి ఉన్నారు. చెప్పమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్. నేను ఒక జట్టు ఆఫీసులో టికెట్ల డేటా చూస్తాను, హెచ్‌1బీ మీద ఉన్నాను. జట్టు వేరే రాష్ట్రానికి మారుతోంది, కంపెనీ అదే. రమ్మంటున్నారు. కంపెనీ అదే కాబట్టి వీసాకి ఏమీ అక్కర్లేదని మేనేజర్ అన్నారు. నిజమేనా?

లీగ్ నిపుణురాలు: కాదమ్మా. ఇది జాగ్రత్తగా విను. హెచ్‌1బీ కంపెనీతో పాటు పనిచేసే చోటుకి కూడా ముడిపడి ఉంటుంది. ఒకే మహానగర ప్రాంతంలో ఆఫీసు మారితే పాత ఎల్‌సీఏ, అంటే జీతం, పనిచోటు రాసి కార్మిక శాఖ దగ్గర ఆమోదం తీసుకున్న కాగితం, దాని కాపీ కొత్త చోట అతికిస్తే సరిపోతుంది. ఆ ప్రాంతం దాటితే, 2015 ఏప్రిల్‌లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ కేసు నిర్ణయం ప్రకారం, కంపెనీ ఇమిగ్రేషన్ శాఖకి సవరించిన పిటిషన్ వేయాలి. కొత్త చోట పని మొదలుపెట్టకముందే వేయాలి. ముందు కొత్త ఎల్‌సీఏ. దానికి కార్మిక శాఖ ఏడు పనిదినాలు తీసుకుంటుంది. ఆ ఊళ్ళో నీ ఉద్యోగానికి కనీస జీతం ఎక్కువుంటే నీ జీతం పెంచాలి, చిన్న లీగుల్లో ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే. పిటిషన్ అందిన రసీదు రాగానే పని మొదలుపెట్టొచ్చు, ఆమోదం దాకా ఆగక్కర్లేదు.

శ్రోత: ముందుగా వెళ్ళి ఆఫీసు సర్దాలంటున్నారండీ.

లీగ్ నిపుణురాలు: ఏడాదిలో 30 పనిదినాల దాకా తాత్కాలికంగా వెళ్ళే వీలుంది. ఇక్కడ నీ సీటు, నీ ఇల్లు అలాగే ఉంటే 60 దాకా. ఖర్చులు, బస కంపెనీవే. రోజులు లెక్క రాసుకో. ఇల్లు మారిన 10 రోజుల్లో చిరునామా మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం నింపు.

గ్రీన్ కార్డుకి మొదటి మెట్టు పెర్మ్, అంటే కార్మిక శాఖ ధ్రువీకరణకి దరఖాస్తు, వేశారా?

శ్రోత: వేశారండీ, దాని తర్వాతి మెట్టు ఐ-140 ఇంకా రాలేదు.

లీగ్ నిపుణురాలు: అయితే ఆ పెర్మ్ పాత ప్రాంతానికే చెల్లుతుంది. కొత్త ఊళ్ళో మళ్ళీ మొదలుపెట్టాలి. తరలింపుకి ఒప్పుకునే ముందే కొత్త పెర్మ్ ఎప్పుడు వేస్తారో ఈమెయిల్‌లో రాయించుకో. వెళ్ళకూడదనుకుంటే, ఉద్యోగం ఆగిన రోజు నుంచి 60 రోజులు, లేదా దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు, ఏది ముందైతే అది. కాలిఫోర్నియాలో 75 మంది, అంతకు మించి ఉన్న సంస్థ 100 మైళ్ళు, ఆపైన దూరం తరలితే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జట్టు ఆఫీసులు చాలావరకు అంత పెద్దవి కావు, అందుకని నోటీసు వస్తుందని కూర్చోకు. జట్టు సరిహద్దు దాటి కెనడాకి వెళ్తే ఇదంతా వర్తించదు, అక్కడి వర్క్ పర్మిట్ కావాలి. నీ కాగితాలు చూసే లాయర్ కంపెనీ లాయరే అయితే, ఒక్క గంటకి బయటి లాయర్‌కి డబ్బు పెట్టినా తప్పులేదు.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్. చెప్పండమ్మా.

శ్రోత: మా బాబు పదేళ్ళ లోపు జట్టులో ఆడతాడు. పెద్ద జట్టు వెళ్ళిపోయాక మా రింకులో ఐస్ మెత్తగా ఉంటోంది, వాడు మలుపుల్లో ఇరుక్కుపోతున్నాడు.

రింక్ నిపుణుడు: పెద్ద జట్టు లేకపోతే కరెంటు బిల్లు తగ్గించడానికి ఐస్‌ని కాస్త వెచ్చగా ఉంచుతారు. మెత్తటి ఐస్‌లో పదునైన అంచు లోపలికి దిగిపోతుంది. స్కేట్లు పదును పెట్టేటప్పుడు హాలో, అంటే బ్లేడు అడుగున తీసే గాడి వంపు వ్యాసార్థం, ఎంత అని అడగండి. అర అంగుళం అయితే 5/8కి మార్చమనండి, లోతు తగ్గుతుంది, జారుడు పెరుగుతుంది. రెండు ప్రాక్టీసులు ఇబ్బందిగా ఉంటుంది, అలవాటవుతుంది. నగరం రింక్ బడ్జెట్ చర్చ ఎప్పుడు పెడుతుందో కనుక్కుని తల్లిదండ్రులు కలిసి వెళ్ళండి. వేసవిలో ఐస్ తీసేస్తారా, మళ్ళీ ఏ తేదీకి వేస్తారు, ఈ రెండూ రాతలో అడగండి. తేదీ చెప్పకుండా తీసేసిన ఐస్ మళ్ళీ వేయడం కష్టం. జట్టుకి ఫీజు కట్టేది ఆ జవాబు వచ్చాకే.