2024లో నన్ను వదలని గేములు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ ఏడాది, అంటే 2024లో, నేను ఆడిన వీడియో గేముల్లో నాకు బాగా నచ్చినవాటి గురించి నాలుగు మాటలు పంచుకుందామని వచ్చాను. అవార్డుల లెక్క వేరు, అమ్మకాల లెక్క వేరు. నా లెక్క ఒక్కటే, ఆడటం ఆపేసి వేరే పనిలో పడ్డాక కూడా ఏ గేమ్ బుర్రలో తిరుగుతూ ఉందో, పొద్దున లేవగానే "ఆ తలుపు సంగతేంటో ఇవాళ తేల్చాలి" అని ఏ గేమ్ అనిపించిందో, దాని గురించే చెప్తాను.

ఇప్పుడొస్తున్న పెద్ద గేములు చాలావాటిలో మ్యాప్ తెరిస్తే గుర్తులే గుర్తులు. ఇక్కడికెళ్ళు, అది తీసుకో, వీడిని కలువు, అంతా వాళ్ళే చెప్పేస్తారు, బాణం గుర్తు పట్టుకుని నడవడం ఒక్కటే మన పని. నాకది పరమ విసుగు. నువ్వు కనుక్కోగలవులే అని నమ్మి నన్ను నా మానాన వదిలేసే గేమంటే ప్రాణం. అదృష్టం కొద్దీ ఈ ఏడాది అలాంటివి ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

ముందుగా బలాట్రో. ఫిబ్రవరి 20న విడుదలైంది. చేసింది ఒకే ఒక్క మనిషి, కెనడా డెవలపర్, లోకల్‌థంక్ అనే మారుపేరుతోనే అందరికీ తెలుసు. చూడటానికి పేకాట. పోకర్‌లోలాగే జతలు, వరసలు, ఒకే గుర్తున్న ఐదు ముక్కలు వేస్తూ పోవాలి, కానీ ఎదురుగా ఇంకో ఆటగాడు ఉండడు, అసలు డబ్బు పందెమూ ఉండదు. రౌండ్‌కి ఒక స్కోరు పెడతారు, అది దాటాలి, దాటితే ఇంకా పెద్ద స్కోరు పెడతారు. మామూలు ముక్కలతో ఎంతో దూరం వెళ్ళలేం, అందుకే జోకర్లు. మొత్తం 150 ఉన్నాయి, మామూలుగా ఒకేసారి ఐదు పెట్టుకోవచ్చు, ఒక్కోటీ ఒక్కో రకంగా లెక్కను మార్చేస్తుంది.

ఇందులో మజా ఏంటో ఒక చిన్న లెక్కతో చెప్తాను, వినండి. మీరు రెండు రాజులు వేశారు. జత వేసినందుకు 10, ఒక్కో రాజుకు 10 చొప్పున 20, మొత్తం 30. జతకు గుణకం 2, అంటే స్కోరు 60. ఇప్పుడు గుణకానికి 4 కలిపే జోకర్ ఒకటి, జత పడితే గుణకాన్ని రెట్టింపు చేసే జోకర్ ఒకటి మీ దగ్గర ఉన్నాయనుకోండి. జోకర్లు ఎడమ నుంచి కుడికి పనిచేస్తాయి. కలిపేది ముందు పెడితే 2కి 4 కలిసి 6, రెట్టింపు చేస్తే 12, స్కోరు 360. అదే రెట్టింపు చేసేది ముందు పెడితే 2 రెట్టింపై 4, దానికి 4 కలిస్తే 8, స్కోరు 240. అవే ముక్కలు, అవే జోకర్లు, పక్కపక్కన పెట్టిన వరస మారిందంతే! ఈ సంగతి ఆడుతూ ఆడుతూ ఉండగా మనకే తట్టినప్పుడు కలిగే ఆనందం మామూలుగా ఉండదు. ఆ తర్వాత ఇక ప్రతి జోకర్‌నీ అటూ ఇటూ జరిపి చూడటమే. సెప్టెంబర్‌లో ఫోన్లకు కూడా వచ్చింది కాబట్టి నాకు ఇక తీరిక అన్న మాటే లేకుండా పోయింది. ఐరోపాలో గేములకు వయసు రేటింగులిచ్చే పెగీ సంస్థ, పేకముక్కలున్నాయని దీనికి మొదట్లో 18 ఏళ్ళ రేటింగ్ ఇవ్వడం మాత్రం నాకు అన్యాయమనిపించింది, పైసా పందెం లేని ఆట ఇది.

రెండోది యానిమల్ వెల్, నిజం చెప్పాలంటే మొత్తం ఏడాదిలో నేను ఎక్కువగా ప్రేమించింది దీన్నే. మే 9న వచ్చింది. బిల్లీ బాసో అనే ఆయన దీని మీద ఏడేళ్ళు పనిచేశాడు, గేమ్ ఇంజిన్, అంటే గేమ్‌ను లోపల నుంచి నడిపే ప్రోగ్రామ్, అది కూడా తనే మొదటి నుంచి రాసుకున్నాడు. సైజు చూస్తే 40 ఎం.బి. కూడా ఉండదు, ఫోన్‌తో తీసిన చిన్న వీడియోకే అంతకంటే ఎక్కువవుతుంది. అందులో ఇంత లోకం ఎలా పట్టించాడో!

చీకటి బావిలాంటి చోట మనమొక చిన్న ముద్దలాంటి ప్రాణి. కథ చెప్పేవాళ్ళు లేరు, కత్తి లేదు, తుపాకీ లేదు. దొరికేవన్నీ ఆటవస్తువులు, సబ్బు బుడగలు ఊదే పుల్ల, గాల్లోకి విసిరే పళ్ళెం, యోయో, మెట్లు దిగే స్ప్రింగు బొమ్మ, టపాకాయలు. బుడగ ఊది దాని మీదకు ఎగిరితే ఇందాక అందని చోటు అందుతుంది. స్ప్రింగు బొమ్మను మెట్ల అంచున వదిలితే అది తనంతట తానే దొర్లుకుంటూ కిందకు వెళ్ళి, మనం వెళ్ళలేని చోట ఉన్న మీట నొక్కుతుంది. టపాకాయ పేలిస్తే కొన్ని జీవాలు బెదిరి వెనక్కి తగ్గుతాయి. ఇవేవీ ఎవరూ చెప్పరు. ఏ వస్తువైనా చేతికి వచ్చాక, ఇదివరకు చూసిన గదులన్నీ ఒక్కసారిగా గుర్తొస్తాయి, అరే, అక్కడ దీనితో పని ఉండొచ్చు కదా అని పరుగెత్తడమే. ఆ విసిరే పళ్ళెం తీసుకున్నాక వెంటబడే దెయ్యపు కుక్క ఉంది చూశారూ, చేతులు చెమటలు పట్టేంత టెన్షన్ పెట్టింది నన్ను.

ఆట అయిపోయిందనుకున్నాక అసలుది మొదలవుతుంది. దాచిపెట్టిన గుడ్లు 64 ఉన్నాయి, అవి వెతుకుతూ పోతే ఇంకా లోతైన చిక్కుముడులు. వాటిలో ఒకదానికైతే ఒక్కో ఆటగాడి గేమ్‌లో ఒక్కో ముక్క మాత్రమే కనిపిస్తుంది, మిగతావి కావాలంటే ప్రపంచంలో ఇంకెవరెవరి దగ్గరో ఉన్నవి అడిగి పోగుచేసుకోవాల్సిందే. ఎవరికీ తెలియకుండా ఒంటరిగా ఆడుకునే గేమ్‌లో ఇలా అందరినీ ఒకచోటికి చేర్చాలన్న ఆలోచన వచ్చిందంటే ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

ఆస్ట్రో బాట్ గురించి చాలామంది వినే ఉంటారు, డిసెంబర్ 12న ద గేమ్ అవార్డ్స్‌లో ఈ ఏటి మేటి గేముగా గెలిచింది. టోక్యోలోని టీమ్ అసోబీ చేసింది, సోనీ గేమ్ మెషీన్ ప్లేస్టేషన్ 5కి మాత్రమే. దీనికి లోతైన చిక్కుముడులేమీ లేవు, నేను పైన చెప్పిన కొలత దీనికి సరిగ్గా సరిపోదు కూడా, అయినా నచ్చింది. వాన పడుతుంటే చినుకు చినుకూ కంట్రోలర్ పట్టుకున్న అరచేతుల్లో తెలుస్తుంది. ఒక లెవెల్‌లో కాలాన్ని నెమ్మది చేయొచ్చు, ఇంకో దాంట్లో ఎలుకంత చిన్నగా అయిపోవచ్చు. ఇంకొకరైతే ఒక్కో ఆలోచనతో ఒక్కో పూర్తి గేమ్ చేసుకునేవాళ్ళు, వీళ్ళేమో ఒక లెవెల్‌లో వాడేసి అక్కడే వదిలేసి ముందుకెళ్ళిపోతారు. అంత ధైర్యం ఎక్కడిదో. పాత ప్లేస్టేషన్ గేముల పాత్రలు బోలెడు కనిపిస్తాయి, అవి ఆడనివాళ్ళకు ఆ భాగం అంతగా తాకకపోవచ్చు.

ఎల్డెన్ రింగ్‌కు జూన్ 21న వచ్చిన అదనపు భాగం, షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ, కష్టమైన గేములు ఇష్టపడేవాళ్ళకే చెప్తాను. అందులో అడుగు పెట్టాలంటేనే అసలు గేమ్‌లో ఇద్దరు గట్టి బాసులను, అంటే పెద్ద శత్రువులను, ముందు ఓడించి ఉండాలి. లోపలికెళ్ళాక, బయట కూడబెట్టుకున్న బలం ఒక్కటే చాలదు. ఆ కొత్త లోకంలో చెదిరి ఉన్న ముక్కలు వెతికి పోగేస్తేనే దెబ్బ తట్టుకోగలం. అంటే బాస్ దగ్గర చితికిపోయినప్పుడు, అక్కడే తల బాదుకోకుండా ఊరికే నాలుగు దిక్కులా తిరిగి రమ్మంటుంది గేమ్. ఆ తిరగడమే నాకిష్టం. మెటఫర్ రీఫంటాజియో కూడా ఆడాను, యుద్ధాలు బాగున్నాయి, మాటలు మరీ ఎక్కువ.

ఇక జనవరిలో వచ్చి, సంవత్సరాంతానికి చాలామంది మరిచిపోయిన గేమ్ ఒకటుంది, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ద లాస్ట్ క్రౌన్. ఉబిసాఫ్ట్ అనే గేముల కంపెనీకి ఫ్రాన్స్‌లో ఉన్న మాంట్‌పెలియే స్టూడియో చేసింది. సార్గాన్ అనే యోధుడు, ఎత్తుకుపోయిన రాకుమారుడి కోసం ఖాఫ్ పర్వతానికి వెళ్తాడు, అక్కడ కాలం గతి తప్పి ఉంటుంది. పాత్రలు పర్షియన్ భాషలో మాట్లాడేలా కూడా పెట్టుకోవచ్చు, నేనలాగే ఆడాను, కథ జరిగే చోటికి అది ఎంత నప్పిందో.

ఇలా కొత్త శక్తులు వచ్చేకొద్దీ పాత చోట్లకు మళ్ళీ వెళ్ళాల్సిన గేముల్లో పెద్ద తలనొప్పి ఏంటంటే, ఇప్పుడు తెరవలేని తలుపు ఒకటి కనిపిస్తుంది, చాలాకాలం తర్వాత దానికి కావాల్సిన శక్తి వస్తుంది, ఈలోగా ఆ తలుపు ఎక్కడుందో మరిచిపోతాం. ఇందులో ఒక్క మీట నొక్కితే మన కళ్ళెదుట ఉన్న దృశ్యం ఫోటోగా మ్యాప్ మీద ఆ చోటే అతుక్కుంటుంది. తర్వాత మ్యాప్ తెరిచి ఫోటో చూస్తే చాలు, ఆహా, ఇదా అని గుర్తొస్తుంది. దారి చూపలేదు, జవాబూ చెప్పలేదు, మన జ్ఞాపకానికి చిన్న సాయం చేసిందంతే. ఈ ఏడాది వచ్చిన అన్ని కొత్త ఆలోచనల్లోకీ నాకు ఇదే గొప్పదనిపిస్తుంది, ఇకనుంచి ఇలాంటి ప్రతి గేమ్‌లోనూ ఇది ఉండాలి.

ఇంత మంచి పని చేసిన ఆ బృందంలో ఎక్కువమందిని వేరే ప్రాజెక్టులకు మార్చేశామని అక్టోబర్‌లో ఉబిసాఫ్టే ఒప్పుకుంది. చాలా బాధనిపించింది. మీలో ఎవరైనా ఇంకా ఆడకపోతే, నేను చెప్పినవాటిలో ముందు దీంతోనే మొదలుపెట్టండి. శత్రువుల దెబ్బల బలం తగ్గించుకునే వీలు సెట్టింగ్స్‌లో ఉంది, కష్టమేమోనని వెనకాడక్కర్లేదు. సెలవు.