పాప ఇంటికొచ్చాక కూడా ఫోనెత్తే ఏజెన్సీ

నమస్కారమండీ. నేను డల్లాస్ దగ్గర ఉంటాను. మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. మూడేళ్ల నాలుగు నెలల వయసులో కోస్తా ఆంధ్రలో ఒక శిశు గృహ నుంచి, అంటే కన్నవాళ్లు దగ్గర లేని పసిపిల్లల్ని పెంచే చోటు నుంచి, దత్తతగా మా ఇంటికొచ్చింది. ఈ సంగతి తెలిసిన తెలుగువాళ్లు గుళ్లోనో, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం దగ్గరో నన్ను పక్కకి పిలిచి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మెల్లగా అడుగుతారు: ఏ ఏజెన్సీకి వెళ్లారండీ, ఎంతయింది, ఎన్నాళ్లు పట్టింది? ఆ గొంతులో ఉండే టెన్షన్ నాకు బాగా తెలుసు, ఎందుకంటే పదేళ్ల కిందట అలా అడిగినదాన్ని నేనే. ఇవాళ రేడియోలో మాట్లాడమన్నారు కాబట్టి నిలబడి చెప్పడానికి వీల్లేనివన్నీ తీరిగ్గా చెబుతాను.

అన్నిటికంటే ముందు, ఎవరికీ ఒక్క డాలరు కూడా కట్టకముందే చూసుకోవాల్సింది మీ పౌరసత్వం. ఒక దేశం పిల్లల్ని ఇంకో దేశం వాళ్లు దత్తత తీసుకోవడానికి హేగ్ దత్తత ఒప్పందం అని ఒకటుంది. ఇండియా, అమెరికా రెండూ అందులో ఉన్నాయి, ఇండియా 2003లో, అమెరికా 2008లో చేరాయి. ఆ పద్ధతిలో బిడ్డని తెచ్చుకోవాలంటే మొదట వేసే దరఖాస్తు ఐ-800ఏ. అది వేయాలంటే భార్యాభర్తల్లో ఒక్కరైనా అమెరికా పౌరులై ఉండాలి. ఇద్దరూ హెచ్‌1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉంటే ఈ దారి మీకు లేదు. ఈ సంగతి తెలియక హోమ్ స్టడీ దాకా, అంటే ఇంటికొచ్చి మనల్నీ ఇంటినీ చూసి వెళ్లే తనిఖీ దాకా, డబ్బు కట్టి, ఆ తర్వాత లాయరు దగ్గర కూర్చుని ఏడ్చిన జంట నాకు తెలుసు. వాళ్ల దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు ఆ ప్రశ్న అడగనే లేదట.

రెండోది మన తెలుగిళ్లలో మరీ ఎక్కువ. చెల్లెలికి ముగ్గురు, నాకు లేరు, మూడోదాన్ని నేను పెంచుకుంటాను, రిజిస్ట్రారు ఆఫీసులో దత్తత పత్రం రాయించేస్తే అయిపోతుంది కదా అంటారు. అవదండీ. 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద పత్రం రాసుకోవచ్చు, హోమం చేసుకోవచ్చు, అమెరికా వీసాకి మాత్రం అది చాలదు. పైగా ముందే దత్తత పూర్తి చేసేసుకుంటే ఐ-800ఏ తర్వాత ఆ బిడ్డ పేరు మీద వేసే ఐ-800 దరఖాస్తుకి అదే అడ్డం పడుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నదే ఇక్కడ ప్రాణం. బంధువుల పిల్లలకి కూడా వేరే పద్ధతి ఉంది, అది కూడా కారా ద్వారానే, అంటే ఢిల్లీలో ఉండే కేంద్ర దత్తత సంస్థ ద్వారానే నడవాలి. పత్రం మీద సంతకం పెట్టకముందే ఏజెన్సీనీ ఇమ్మిగ్రేషన్ లాయర్నీ అడగండి.

ఇన్ని కాగితాలా, తల్లీ తండ్రీ లేని బిడ్డకి ఇల్లిస్తామంటే ఇంత సతాయిస్తారా అని విసుక్కుంటారు, నేనూ విసుక్కున్నాను. తర్వాత తెలుసుకున్నాను. విదేశీయులకి పిల్లల్ని దత్తత ఇవ్వడంలో అక్రమాలు జరుగుతున్నాయని ఒక లాయరు రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని సుప్రీంకోర్టు 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో తీర్పిచ్చింది, ఈ నిబంధనలకి మూలం అదే. ఆ తర్వాత కూడా, 1999లోనూ మళ్లీ 2001లోనూ, మన హైదరాబాదులోనే గుట్టు బయటపడింది. తండాల్లో పేద లంబాడా కుటుంబాలకి కాస్త డబ్బు చేతిలో పెట్టి ఆడపిల్లల్ని దళారులు తీసుకొచ్చేవారు, ఆ పిల్లలు దత్తత సంస్థల చేతికి చేరేవారు. ఆ పిల్లల్ని పెంచుకున్నవాళ్లకి వాళ్లు కొనుక్కొచ్చిన పిల్లలని కూడా తెలియదు, చట్టప్రకారమే పెంచుకుంటున్నాం అనుకున్నారు. ఇది చదివాక నాకు కాగితాల మీద కోపం పోయింది. మా పాప ఏ తల్లి దగ్గర్నుంచీ కొనుక్కొచ్చిన బిడ్డ కాదు అని నేను ధైర్యంగా చెప్పగలుగుతున్నానంటే ఆ కాగితాల వల్లే. శిశు సంక్షేమ కమిటీ ముందు బిడ్డని హాజరుపరిచి, కన్నవాళ్ల కోసం వెతికి, ఎవరూ రాకపోతేనే దత్తతకి అర్హురాలని ప్రకటిస్తారు. తల్లే స్వయంగా అప్పగిస్తే మనసు మార్చుకోవడానికి ఆమెకి రెండు నెలల గడువుంటుంది. ఎవరైనా సరే, నర్సింగ్ హోంలో ఒక అమ్మాయి డెలివరీకి ఉంది, డైరెక్టుగా ఇప్పిస్తాం, పుట్టిన సర్టిఫికెట్లో మీ పేర్లే వేయిస్తాం అంటే, దయచేసి ఫోను పెట్టేయండి. పద్ధతి తప్పి బిడ్డని తీసుకున్నవాళ్లకి కూడా మూడేళ్ల దాకా జైలు ఉంది చట్టంలో.

ఇక ఏజెన్సీ సంగతి. మీకు నచ్చిన ఏజెన్సీకల్లా వెళ్లడం కుదరదు. అమెరికాలో హేగ్ గుర్తింపు ఉండాలి, ఇండియాలో కారా అనుమతి కూడా ఉండాలి. రెండూ ఉన్నవి కొన్నే, జాబితా కారా సైట్లోనూ అమెరికా విదేశాంగ శాఖ సైట్లోనూ ఉంటుంది. మేం మొదట వెళ్లిన ఏజెన్సీకి రెండూ ఉన్నాయి. ఆఫీసు బాగుంది, గోడల నిండా నవ్వుతున్న పిల్లల ఫొటోలు. మేం నోరు తెరవకముందే, మీరు ఇండియన్సు కదా, ఏడాదిలో చిన్న పాపని తెచ్చిపెడతాం అన్నారు. ఆ మాటకి నేను ఆ రాత్రే ఉయ్యాల కొనడానికి ఆన్‌లైన్లో వెతికాను. నిజమేమిటంటే, బిడ్డని ఎవరికి చూపించాలన్నది ఏజెన్సీ చేతిలో లేనే లేదు. కారా వాళ్ల కేరింగ్స్ పోర్టల్లో వరుస ప్రకారం వస్తుంది. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారైలకి ఇండియాలో ఉన్నవాళ్లతో సమానంగానే వరుస ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న చిన్న పిల్లల కోసమైతే ఆ ఎదురుచూపు మూడేళ్లు దాటుతోంది. ఓసీఐ వాళ్లకీ, అంటే వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మన భారతీయులకీ, విదేశీయులకీ ఎక్కువగా వచ్చేది కాస్త పెద్ద పిల్లలు, కలిసి ఉండాల్సిన అక్కాచెల్లెళ్లు, ఏదో ఒక ఆరోగ్య సమస్య ఉన్న పిల్లలు. మాకు ఏడాది అని మాటిచ్చిన మనిషికి ఇవన్నీ తెలుసు, తెలిసే చెప్పలేదు. పద్నాలుగు నెలలు పోయాక కట్టిన డబ్బులో సగం వదిలేసుకుని బయటికొచ్చాం.

రెండో చోట ఒక పెద్దావిడ మాతో రెండు గంటలు మాట్లాడింది. నేను అప్పటికి ప్రశ్నలు రాసుకుని వెళ్లాను. గత మూడేళ్లలో ఎంతమంది పిల్లల్ని ఇళ్లకి చేర్చారు, అందులో ఎన్ని దత్తతలు కుదరక మధ్యలో విడిపోయాయి? ఈ అంకెలు అడిగితే చెప్పి తీరాలని అమెరికా నిబంధనల్లో ఉంది, అడగడానికి మొహమాటపడకండి. ఆవిడ కాగితం తీసి చూపించి, విడిపోయినవాటిలో తమ పొరపాటు ఎక్కడుందో కూడా చెప్పింది. మీకు గుర్తింపు ఎప్పటిదాకా ఉంది, మధ్యలో మీ సంస్థ మూతపడితే మా ఫైలు ఎవరి దగ్గరుంటుంది అని అడిగాను. ఇది ఊరికే వచ్చిన భయం కాదండీ. 2004లో ఇతర దేశాల నుంచి అమెరికాకి దాదాపు 23 వేల మంది పిల్లలు దత్తత వచ్చారు, 2023కి అది 1,300 లోపుకి పడిపోయింది, చైనా అయితే 2024లో ఆపేసింది. పని తగ్గి మూతపడిన ఏజెన్సీలు ఎన్నో. ఫీజులన్నీ ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి, బిడ్డ ఉన్న సంస్థకి కట్టేది 5,000 డాలర్లు, అది ఇండియా నిబంధనల్లోనే ఉంది. దాని మీద విరాళమనీ ఖర్చులనీ చేతికివ్వమంటే ఇవ్వకండి.

ఆవిడ హోమ్ స్టడీకి మా ఇంటికొచ్చిన రోజు నేను తెల్లారుజాము నుంచి ఇల్లంతా తుడిచాను. ఆవిడ నేల చూడలేదు. మందుల డబ్బాకి తాళం ఉందా, కుళాయిలో వేణ్ణీళ్లు ఎంత వేడిగా వస్తున్నాయి, పొగ అలారం మోగుతుందా అవి చూసింది, తర్వాత మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టింది. మూడుసార్లు ఐవీఎఫ్ పోయింది కదా, ఆ బాధ తీరిందా అని మా ఆయన్ని అడిగిందట. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయారు. ఆవిడ పెన్ను మూసేసి, ఆరు నెలలు ఆగి మళ్లీ వస్తాను, ఈలోగా ఇద్దరూ ఎవరితోనైనా మాట్లాడుకోండి అంది. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరేమో ఏడాదిలో బిడ్డ అన్నారు, ఈవిడేమో ఉన్నదాన్ని కూడా వెనక్కి నెడుతోంది. కానీ ఆ ఆరు నెలలు లేకపోతే మా పాప వచ్చిన కొత్తల్లో మేం ఇద్దరం నిలబడేవాళ్లం కాదని ఇప్పుడు గట్టిగా చెబుతాను. ఆ రోజే, కోపంలో ఉండగానే, ఈ ఏజెన్సీ అయితేనే వెళదాం అన్నారు మా ఆయన.

రిఫరల్ వచ్చినప్పుడు, అంటే ఒక బిడ్డ ఫొటో, వివరాలు మీకు చూపించినప్పుడు, మీకుండేది 96 గంటలు. నాలుగు రోజుల్లో ఆ బిడ్డ పేరున రిజర్వ్ చేసుకోవాలో వద్దో తేల్చాలి. ఫొటో చూడగానే బుర్ర పనిచెయ్యదు, అందుకే ముందే అంతర్జాతీయ దత్తత పిల్లల్ని చూసే డాక్టర్ని మాట్లాడి పెట్టుకోండి, అమెరికాలో పెద్ద పిల్లల ఆస్పత్రుల్లో కొన్నిచోట్ల ఇలాంటి క్లినిక్కులు ఉంటాయి. మా డాక్టరు పాప బరువు అడగలేదు. ఏ నెలలో ఎంత, తల చుట్టుకొలత ఏ నెలలో ఎంత అని తేదీలతో సహా అడిగింది. ఒక అంకె చూసి ఏమీ చెప్పలేను, పెరుగుతోందా లేదా అన్నది కావాలి అంది. మా దగ్గర లేవు. ఏజెన్సీ వాళ్లు ఆ రాత్రే శిశు గృహకి ఫోను చేసి, అక్కడి నర్సు రాసుకున్న నోటుబుక్కు పేజీల ఫొటోలు తెప్పించారు. వంకర పాదంతో పుట్టింది, కట్లు కట్టి సరిచేశారు, మాటలు ఆలస్యం. ఇంతకంటే కష్టమైన సమస్య ఉంటే మేం పెంచగలమా అని మేం ముందే కాగితం మీద రాసుకుని ఉన్నాం. ఏ సమస్య అయితే చెయ్యగలం, ఏదైతే చెయ్యలేం అన్నది నిజాయితీగా రాసుకోండి. కాదనడం పాపం కాదు, ఒప్పుకుని ఆ తర్వాత చేతులెత్తేయడమే బిడ్డకి అన్యాయం.

హేగ్ పద్ధతిలో తల్లిదండ్రులకి కనీసం 10 గంటల శిక్షణ తప్పనిసరి. అది సరిపోదు. మా పాప మొదటి నెల పింగాణీ ప్లేట్లో అన్నం పెడితే ముట్టేది కాదు. శిశు గృహలో అందరికీ అంచున్న స్టీలు పళ్లాలు, అది నాకు అప్పుడు తట్టలేదు. ఇండియన్ షాపుకెళ్లి స్టీలు పళ్లెం తెస్తే ఎడమ చెయ్యి దాని చుట్టూ అడ్డం పెట్టుకుని, తల వంచి, గబగబా తినేసింది. రెండు ఇడ్లీ ముక్కలు గౌను జేబులో పెట్టుకుంది. రాత్రి దిండు మీద తల అటూ ఇటూ ఊపుకుంటూ నిద్రపోయేది, ఎత్తుకుంటే బిగుసుకుపోయేది. నేను తెలుగులోనే మాట్లాడేదాన్ని, అయినా తను వెతికేది నన్ను కాదు, తనని పెంచిన ఆయమ్మని. వస్తున్నప్పుడు ఆ ఆయమ్మ కప్పే పాత దుప్పటి అడిగి తెచ్చుకోమని, ఎట్టి పరిస్థితుల్లోనూ ఉతకొద్దని ఏజెన్సీ వాళ్లు చెప్పారు. ఆ దుప్పటే మమ్మల్ని గట్టెక్కించింది. అత్తగారు, అమ్మ చూడ్డానికి వస్తామంటే మొదటి రెండు నెలలు రావొద్దని బతిమాలుకున్నాం, వాళ్లు నొచ్చుకున్నారు. పాపకి ఎత్తుకునే చేతులు, అన్నం పెట్టే చేతులు రెండు జతలే ఉండాలి ఆ రోజుల్లో.

కాగితాల పని తర్వాత కూడా ఉంటుంది. మాకు దత్తత ఉత్తర్వు కోర్టు ఇచ్చింది, 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరు ఇస్తున్నారు. ఇంటికొచ్చాక రెండేళ్ల పాటు, మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి, బిడ్డ ఎలా ఉందో ఏజెన్సీ రిపోర్టు పంపాలి. ఆరు రిపోర్టులు. ఏజెన్సీతో చట్టప్రకారం మన సంబంధం దాదాపు అక్కడితో సరి.

పెంచలేనివాళ్లు బిడ్డని వదిలి వెళ్లడానికి ఆస్పత్రిలో పెట్టిన ఊయల్లో దొరికింది మా పాప. మొన్న ఒక ఆదివారం రాత్రి జడ వేస్తుంటే మా అమ్మాయి అద్దంలో నన్నే చూస్తూ అడిగింది. అమ్మా, నన్ను ఆస్పత్రి ఊయల్లో పెట్టింది నన్ను కన్న అమ్మేనా, ఇంకెవరైనానా? తెలీదు నాన్నా అన్నాను. పక్కరోజు ఏజెన్సీకి ఫోను చేశాను. ఆ పెద్దావిడ రిటైరయ్యారు, అయినా మా ఫైలు చూస్తున్న అమ్మాయి ఆవిడకి కబురు చేసింది, సాయంత్రం ఆవిడే ఫోను చేశారు. ఫైల్లో ఒక వాక్యం ఉందండీ, మీరు అప్పట్లో పట్టించుకుని ఉండరు అని చదివి వినిపించారు. తెల్లవారుజామున నాలుగున్నరకి ఊయల గంట మోగింది, పాపని ఆకుపచ్చ చీర ముక్కలో చుట్టి ఉంచారు.

అది మా అమ్మాయికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ఆ చీర ముక్క ఇప్పుడు ఎక్కడుంది అంది. ఏజెన్సీ ద్వారా శిశు గృహకి ఉత్తరం రాశాం. మూడు వారాలైంది, జవాబు కోసం చూస్తున్నాం.