ది గ్లాస్ మౌంటెన్ (1949) రివ్యూ: కొండ ఓకే, హీరోతోనే నా గొడవ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ డిస్క్ నేను కొనలేదు. పాత సినిమాలు అమ్మే ఒకాయన ఫ్రీగా పంపి, వీడియో చేయమన్నాడు. సబ్‌టైటిల్స్ మాత్రం లేవు మహానుభావా! ఒపేరా (మాటలన్నీ పాటల్లోనే సాగే సంగీత నాటకం) మొదలవగానే నేనూ మా అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కథ మీరు ఎక్కడో చదివే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో రిచర్డ్ అనే బ్రిటిష్ పైలట్ విమానం ఇటలీ ఆల్ప్స్‌లోని డోలమైట్ కొండల్లో కూలిపోతుంది. అలీడా అనే అమ్మాయి కాపాడుతుంది. ఇతను మ్యూజిక్ కంపోజర్. ఇంగ్లండ్‌లో భార్య ఆన్ ఉంది. యుద్ధం అయ్యి ఇంటికొచ్చినా మనసంతా అక్కడే. అక్కడి 'గ్లాస్ మౌంటెన్' అనే కొండ మీద చెప్పుకునే ప్రేమకథతో ఒపేరా రాయాలని మళ్లీ ఇటలీ వెళ్తాడు.

ఇక మ్యూజిక్. నీనో రోటా అండీ! 1972లో 'గాడ్‌ఫాదర్'కి కొట్టింది ఈయనే. ఆ ట్యూన్ మూడేళ్లు నా రింగ్‌టోన్, ఆఫీసులో అందరూ తిట్టేవాళ్లు. దానికి 23 ఏళ్ల ముందే ఈ కొండ ట్యూన్ చేశాడు. వెనక్కి తిప్పి తిప్పి నాలుగుసార్లు విన్నా. ఐదోసారికి వంటింట్లోంచి మా అమ్మ కూనిరాగం. పాడింది కూడా ఎవరో కాదు, అసలైన ఒపేరా గాయకుడు టిటో గోబీ.

మన పాటల్లో ఆల్ప్స్ అంటే హీరోయిన్ పల్చటి చీరలో వణకాలి, హీరో కోటేసుకోవాలి. ఇక్కడ మంచు ప్రాణం తీసేలా ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్‌లో ఇంకా భయం.

నాకు మండింది హీరోతో. (ఇక్కణ్ణుంచి స్పాయిలర్, చూడనివాళ్లు ఆగండి.) ఇద్దరి మధ్యా నలుగుతాడే తప్ప ఎటూ తేల్చడు. చివరికి ఆన్ ఎక్కిన విమానం అదే కొండ మీద కూలితే గానీ భార్య గుర్తురాలేదు! శోభన్ బాబు సినిమాలన్నీ చూసిన మా అమ్మ, "మరి ఆ ఇటలీ పిల్ల ఏం పాపం చేసిందిరా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అలీడాగా వాలెంటీనా కోర్టేసే ఎంత బాగా చేసిందంటే, ఆ కోపం ఇంకా తగ్గలేదు. అన్నట్టు, రిచర్డ్, ఆన్‌లుగా చేసిన మైకేల్ డెనిసన్, డల్సీ గ్రే నిజంగానే మొగుడూ పెళ్లాలు, 1939లోనే పెళ్లయింది.

మ్యూజిక్‌కి పదికి తొమ్మిది, హీరోకి మూడు. మొత్తానికి ఏడు, అందులో రెండు అలీడావే. సబ్‌టైటిల్స్ ఉన్న కాపీ ఎక్కడైనా దొరికితే కామెంట్‌లో పడేయండి, మా అమ్మ మళ్లీ చూస్తానంటోంది.