పాపను కుక్క కరిచిన రోజు ఎక్కడికి వెళ్లాం?

అందరికీ నమస్కారం. నరసన్నపేట దగ్గర మా ఊరి జీడితోటలు చూపిస్తానని పోయిన వీడియోలో చెప్పాను. కానీ నిన్నటి సంగతి ముందు చెప్పాలి.

పొద్దున పదింటికి వీధిలో ఆడుకుంటున్న మా పాపను కుక్క కరిచింది. ఎడమ పిక్క మీద రెండు గాట్లు. ఒకటి గీరుకున్నట్టుంది, రెండోదాంట్లోంచి నెత్తురు కారుతోంది. అమ్మ పసుపు డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పక్కింటి అత్త కారం అద్దమంది. ఇద్దరినీ ఆపి, పాపను పెరట్లో కుళాయి కింద కూర్చోబెట్టి, ఫోనులో సమయం చూసుకుంటూ పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగాను. పదిహేను నిమిషాలు ఎంతసేపో ఏడుస్తున్న పిల్ల కాలు పట్టుకున్నప్పుడు తెలిసింది. గులాబీ రంగులో ఉన్న నురుగు మెల్లగా తెల్లబడింది. రేబిస్ వైరస్‌ను గాయం దగ్గరే చాలావరకు కడిగేసేది ఈ సబ్బునీళ్లే.

బావ విశాఖపట్నం వెళ్దామని కారు తీశాడు. చిన్నాన్న ఒప్పుకోలేదు. "మండలంలో పీహెచ్‌సీ, అదే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది కదమ్మా, టీకా అక్కడే వేస్తారు" అన్నాడు. నాకు మనసు ఒప్పలేదు. అమెరికాలో మేముండే న్యూజెర్సీలో ఇలాంటి కాటుకు పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే పరుగెడతాం, బిల్లు వేల డాలర్లలో వస్తుంది. ఆ అలవాటు కొద్దీ దారిలో ఒక ప్రైవేటు క్లినిక్ దగ్గర ఆపించాను. వాళ్ల దగ్గర టీకా లేదు, కుట్లు వేస్తామన్నారు. కుక్క కాటుకు వెంటనే కుట్లు వేయకూడదు. పాపను ఎత్తుకుని బయటికి వచ్చేశాను. ఆ అరగంట పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

పీహెచ్‌సీలో నర్సు గారు గాయం చూస్తూ ఒకటే అడిగారు: "నెత్తురు వచ్చిందా అమ్మా?" నెత్తురు రాకుండా పైపైన గీరుకుంటే టీకా సరిపోతుంది. నెత్తురు వచ్చేలా పళ్లు దిగితే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. టీకా ఒంట్లో పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా కాపాడేది ఆ మందు. రెండు భుజాలకూ చెరో సూది వేశారు, పైసా తీసుకోలేదు. ఇమ్యునోగ్లోబులిన్ తమ దగ్గర లేదని చెప్పి, శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి ఫోను చేసి, ఉందని తెలుసుకున్నాకే మమ్మల్ని పంపారు. ఆ ఒక్క ఫోనుకు ఆవిడకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. ఎంత పెద్ద ఆసుపత్రి అని ఆలోచిస్తున్న నాకు, కావలసిన మందు ఇప్పుడు ఎక్కడ ఉంది అని అడగాలని ఆవిడ వల్లే తెలిసింది.

ఊళ్లో అందరూ ఇప్పటికీ రిమ్స్ అనే పిలిచే ఆ ఆసుపత్రిలో పాప బరువెంత అని అడిగారు. నాకు పౌండ్లలోనే గుర్తుంది. కాటా మీద నిలబెడితే 21 కిలోలు. ఆ లెక్క ప్రకారమే మందు కొలిచి, గాయం చుట్టూ సన్నటి సూదితో ఎక్కించారు. పాప నా చున్నీ నోట్లో కుక్కుకుని ఊరుకుంది.

ఇక మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కేస్తే, మూడో రోజు, ఏడో రోజు సూదులు మండలంలోనే. 28వ రోజుకు మేం న్యూజెర్సీలో ఉంటాం. అందుకే టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీలు రాయించుకుని ఆ చీటీ ఫొటో అక్కడి పిల్లల డాక్టరుకు రాత్రే పంపాను. మిగతా సూదులు ఎప్పుడు వేయాలో ఆవిడే చూసి చెబుతానన్నారు.

ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికి మళ్లీ పీహెచ్‌సీకి వెళ్లాలి. ఆ నర్సు గారికి తన చేత్తో జీడిపప్పు పొట్లం ఇస్తానంటోంది పాప.