సగం ఎండిన మేపుల్ చెట్టు

నమస్కారం. మా అమ్మ ప్రతి ఆదివారం ఫోనులో నా క్షేమసమాచారం కంటే ముందు పెరట్లోని జపనీస్ మేపుల్ ఎలా ఉందని అడుగుతుంది కాబట్టి, ఈ వారం వీడియోను ఆ చెట్టు దగ్గరే తీస్తున్నాను. ఆమె ఇక్కడికి వచ్చింది ఒక్కసారే అయినా, ఉన్నన్నాళ్లూ దానికి తన చేతులతోనే నీళ్లు పోసింది.

చూడండి, కుడివైపు కొమ్మలు పచ్చగానే ఉన్నాయి గానీ, ఎడమవైపు ఆకులు అంచుల నుంచి మాడి, రాలకుండా కొమ్మకే వేలాడుతున్నాయి. నీరు చాలలేదనుకుని నేను రెండు వారాలు పైపు వదిలేశాను. అది తొందరపాటు, ఎందుకంటే నీరు నిలిచే నేలలో ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు కారకం విజృంభిస్తుంది, పైకి మాత్రం అదీ నీటి ఎద్దడిలాగే కనిపిస్తుంది. అందుకని మొదట మొదలు దగ్గర మట్టిని చేత్తో తీసి, బెరడును కొద్దిగా గీకి చూశాను. వేరుకుళ్లు అయితే అక్కడ గోధుమరంగులో కుళ్లిన మచ్చ ఉంటుంది, వేళ్లను కుళ్లబెట్టే ఆర్మిల్లేరియా అనే మరో శిలీంధ్రం అయితే బెరడు కింద తెల్లని బూజు విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. నాకు రెండూ కనిపించలేదు.

అసలు సంగతి కొమ్మలో బయటపడింది. వాడిన కొమ్మను, పూర్తిగా ఎండినదాన్ని కాదు, ఏటవాలుగా కోస్తే, కెమెరా దగ్గరికి తెస్తున్నాను, బెరడు కిందే చెక్కలో ఈ ముదురాకుపచ్చ చారలు కనిపించాయి. మేపుల్‌లో ఇది వెర్టిసిలియం ఎండు తెగులుకు గుర్తు. పంట చేలల్లో ఎండు తెగులు మీకు కొత్త కాదు, టమాటాను, వంగను పట్టే ఈ శిలీంధ్రమే వేళ్ల గుండా లోపలికి చేరి, నీరు పైకి పోయే నాళాలను మూసేస్తుంది. అన్ని చెట్లలోనూ చార కనబడదు, ఉదాహరణకు యాష్ అనే చెట్టులో తరచూ ఉండదు, కాబట్టి వేలంత లావున్న, ఇంకా జీవమున్న కొమ్మ ముక్కలను పరీక్షశాలకు పంపడమే నిర్ధారణకు నమ్మదగిన దారి.

"మందు కొట్టించరా" అంటుంది అమ్మ. లోపలికి చేరిన దాన్ని నయం చేసే మందు లేదమ్మా. దీని గట్టి బీజాలు మట్టిలో పదేళ్లకు పైగా బతికి ఉండగలవు. చనిపోయిన కొమ్మలను కోసేయడం, ఎండాకాలంలో నీటిని లోతుగా, విడతలు విడతలుగా పెట్టడం, నత్రజని ఎరువును ఎక్కువ వేయకపోవడం, ఇంతే చేయగలం. కోతకోతకూ కత్తెరను 70 శాతం ఆల్కహాలుతో తుడవడం మానవద్దు. కోసిన కొమ్మలను ముక్కలు చేసి మరో చెట్టు మొదట్లో పరచాలని మొన్న నేనే అనుకున్నాను, మంచిపని చేస్తున్నాననే గర్వంతో. అలా చేసి ఉంటే రోగాన్ని మోసుకెళ్లి అప్పగించినట్టయ్యేది.

చెట్టును నరికించమని చాలామంది సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే సోకిన చెట్టు కొన్నిసార్లు కొత్త చెక్క పొరను వేసుకుని తేరుకుంటుంది. తేరుకోకపోతే ఆ గోతిలో మళ్లీ మేపుల్ నాటను, ఈ తెగులు సోకని పైన్ గానీ జూనిపర్ గానీ పెడతాను. అమ్మా, ఈ కుడివైపు కొమ్మ చివర చూడు, నిన్న రెండు చిగుళ్లు వచ్చాయి.