ఆయుధం లేకుండా యుద్ధం: డిసెప్షన్ ఆటల్లో ఉచ్చు ఎలా పని చేస్తుంది

[తెర మీద: రాతి భవనంలో పొడవైన నడవా. ఒక యువతి వెనక్కి తిరిగి చూస్తూ నెమ్మదిగా నడుస్తోంది. కత్తి దూసిన సైనికుడు ఆమె వైపు వస్తున్నాడు.]

వ్యాఖ్యాత: ఈ యువతి చేతిలో ఏ ఆయుధమూ లేదు. ఆమెను చంపడానికి వచ్చిన సైనికుడు ఆమె కన్నా బలవంతుడు, కత్తి విసురు తగిలితే ఆమె ఎక్కువ సేపు నిలవలేదు. అయినా ఆమె పారిపోవడం లేదు. అతను తనను వదిలి పోనంత దగ్గరగా, కత్తికి అందనంత దూరంగా ఉండేటట్లు అడుగులు వేస్తోంది. ఆ నడవాలో నేల మీద, గోడలో, పైకప్పులో ఆమె ముందే ఉచ్చులు అమర్చి ఉంచింది. వాటి దాకా అతన్ని రప్పించే ఎర మాత్రం ఆమే.

వీడియో గేమ్‌లు తయారుచేసే జపాన్ సంస్థ టెక్మో 1996లో ప్లేస్టేషన్ కోసం మొదలుపెట్టిన డిసెప్షన్ వరుస ఆటలన్నీ ఈ పరిస్థితి చుట్టూ అల్లుకున్నవే. మొదటి ఆటకు జపాన్‌లో పేరు కొకుమెయికాన్. 1998లో వచ్చిన రెండో ఆట కగెరో ఈ పద్ధతికి స్థిరమైన రూపం ఇచ్చింది. ఆ తర్వాత మూడో భాగం, 2005లో ప్లేస్టేషన్ 2 మీద ట్రాప్ట్, 2014లో డిసెప్షన్ 4 వచ్చాయి. ఇవి పెద్ద సంఖ్యలో జనం ఆడే ఆటలు కావు. కానీ వెంటాడుతున్న శత్రువు బలాన్నే అతని మీదికి తిప్పికొట్టడం ఎలాగో ఇంత శ్రద్ధగా ఆలోచించిన ఆటలు చాలా అరుదు. ఆ ఆలోచన ఎలా పని చేస్తుందో ఈ వీడియోలో వివరంగా చూద్దాం.

[తెర మీద: కగెరో గది పైనుంచి కనిపించే పటం, గళ్లుగా విభజించి ఉంటుంది. మూడు గళ్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి.]

వ్యాఖ్యాత: కగెరోలో ఉచ్చులు మూడు రకాలు: పైకప్పు ఉచ్చు, గోడ ఉచ్చు, నేల ఉచ్చు. ఒక్కో రకం నుంచి ఒక్కటి చొప్పున, మొత్తం మూడింటిని మాత్రమే ఒకేసారి సిద్ధంగా ఉంచుకోగలం. అమర్చిన వెంటనే ఉచ్చు పని చేయదు, అది సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది. అన్నింటికన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. శత్రువు అడుగు పెట్టినంత మాత్రాన ఉచ్చు తనంతట తాను పేలదు. ఆటగాడు బటన్ నొక్కినప్పుడే అది కదులుతుంది. అంటే శత్రువు సరైన గడిలోకి ఏ క్షణాన వస్తాడో చూసి, ఆ క్షణానికే వేలు కదపాలి. కాస్త ముందు నొక్కితే ఉచ్చు వృథా అవుతుంది, మళ్లీ సిద్ధమయ్యేదాకా ఆగాలి. ఆలస్యంగా నొక్కితే శత్రువు ఆ గడి దాటి మీ మీదికి వచ్చేస్తాడు.

ఈ నియమాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ, ఆట రుచి అంతా వీటిలోనే ఉంది. ఒక ఉదాహరణను నిదానంగా చూద్దాం.

[తెర మీద: నిప్పుగూడు ఉన్న పెద్ద హాలు. ఉచ్చుల స్థానాలను గీతలతో గుర్తించాలి. దృశ్యాన్ని నెమ్మది వేగంతో నడపాలి.]

వ్యాఖ్యాత: ఒక హాలులో ఎడమ గోడ పక్కన ఒక గడిలో కాలిని పట్టే ఇనుప పళ్ల ఉచ్చు అమర్చాం. అదే గడికి ఎదురుగా గోడలో, మనిషిని బలంగా ముందుకు నెట్టే దిమ్మెను పెట్టాం. ఆ దిమ్మె నెట్టినప్పుడు శత్రువు ఎక్కడ పడతాడో లెక్క వేసుకుని, ఆ చోటికి పైన ఊగే గొడ్డలిని అమర్చాం. గొడ్డలి ఊగే దారికి చివర, అవతలి వైపు మండుతున్న నిప్పుగూడు ఉంది.

ఇప్పుడు శత్రువు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. మీరు ఇనుప పళ్లకు అవతల, అతని కంటికి కనబడేలా నిలబడ్డారు. అతను మీ వైపు తిన్నగా రావాలంటే ఆ గడి మీదుగానే రావాలి. గడిలో కాలు పెట్టగానే మొదటి బటన్ నొక్కితే కాలు చిక్కుకుంటుంది, కానీ ఆ పట్టు ఎక్కువసేపు ఉండదు. ఆ కొద్ది వ్యవధిలోనే గోడ దిమ్మెను వదలాలి. అయితే గొడ్డలి పైనుంచి దిగి ఊగడానికి కూడా సమయం పడుతుంది కనుక, శత్రువు గాలిలో ఉండగానే మూడో బటన్ నొక్కి ఉండాలి. అతను నేల మీద పడ్డాక నొక్కుదామనుకుంటే అప్పటికి లేచి నిలబడిపోతాడు. అన్నీ కుదిరితే గొడ్డలి అతన్ని విసిరేస్తుంది, అతను నిప్పుగూడులో పడతాడు. మొదటి మూడు దెబ్బలూ మీ ఉచ్చులు కొట్టినవి, నాలుగోది ఆ గది కొట్టినది. దెబ్బ మీద దెబ్బ తెగకుండా తగిలే ఈ వరుసనే ఆటలో కాంబో అంటారు. వరుస పొడుగైన కొద్దీ వచ్చే ప్రతిఫలం పెరుగుతుంది, దానితో కొత్త ఉచ్చులు సంపాదించుకోవచ్చు.

ఇక్కడ శత్రువును ఏ ఒక్క ఉచ్చూ తనంతట తాను ఓడించలేదన్న సంగతి గమనించాలి. ఇనుప పళ్ల దెబ్బ స్వల్పం. గోడ దిమ్మె అంతకన్నా పెద్దగా గాయపరచదు. ఒకటి మనిషిని నిలబెడుతుంది, ఒకటి జరుపుతుంది, ఒకటి విసురుతుంది. ఈ మూడు పనులకూ మధ్య ఉన్న ఎడాన్ని ఎంత దగ్గరగా కుట్టగలిగామన్న దాని మీదే ఫలితం ఆధారపడుతుంది. అందుకే ఈ ఆటలో నైపుణ్యం అంటే గదిని చదవడం. మెట్లు ఎటు దిగుతున్నాయి, దొర్లించిన బండరాయి ఎటు పోతుంది, తలుపు నుంచి మీ దాకా శత్రువు నడిచే అతి దగ్గరి దారి ఏది అన్నవి ముందుగా కళ్లకు కట్టాలి. ఆడిన కొద్దీ గది అలంకరణలన్నీ ఆయుధాలుగా కనిపించడం మొదలవుతుంది.

[తెర మీద: దూరంగా నిలబడి బాణం ఎక్కుపెట్టిన విలుకాడు. తర్వాత, ఒకేసారి రెండు తలుపుల గుండా ఇద్దరు ప్రవేశిస్తారు.]

వ్యాఖ్యాత: వచ్చిన ప్రతివాడూ తిన్నగా మీద పడతాడనుకుంటే మాత్రం పొరపాటే. విలుకాళ్లు, మాంత్రికులు దగ్గరకు రావలసిన అవసరం లేదు. వాళ్లు తమ ఆయుధం అందే దూరంలో ఆగిపోతారు కాబట్టి, ఉచ్చును మీ ముందు కాకుండా వాళ్లు ఆగబోయే చోట అమర్చాలి. కొన్ని రకాల ఉచ్చులు పని చేయని శత్రువులు కూడా ఉంటారు. ఇద్దరు కలిసి వచ్చినప్పుడు ఒకరి కోసం వేసిన లెక్కను రెండోవాడు చెడగొడతాడు. ఒకడు సరైన గడిలోకి వస్తున్నాడని ఊపిరి బిగబట్టి చూస్తుండగా రెండోవాడి కత్తి వీపున దిగుతుంది. మీరు వదిలిన బండరాయి దారిలో మీరే ఉంటే అది మిమ్మల్ని కూడా వదిలిపెట్టదు. ఎవరు తవ్విన గోతిలో వారే పడతారన్న మాట ఈ ఆటలో అక్షరాలా జరుగుతుంది.

ఈ ఆలోచనకు మూలాలు డిసెప్షన్ కన్నా చాలా వెనక ఉన్నాయి. టోక్యో విశ్వవిద్యాలయ విద్యార్థుల బృందం 1979లో తయారుచేసిన హెయియాన్‌క్యో ఏలియన్ అనే ఆటలో, పాత రాజధాని వీధుల్లో తిరుగుతున్న గ్రహాంతర జీవుల నుంచి ఆటగాడు తప్పించుకోవాలి. అతని చేతిలో ఉన్నదల్లా గొయ్యి తవ్వే పనిముట్టు. గోతిలో పడిన జీవిని అది మళ్లీ పైకి ఎక్కేలోగా మట్టితో పూడ్చేయాలి. 1983లో బ్రోడర్‌బండ్ విడుదల చేసిన లోడ్ రన్నర్ ఇదే సూత్రాన్ని 150 స్థాయిలుగా విస్తరించింది. అందులో ఆటగాడు తనకు అటూ ఇటూ ఉన్న ఇటుకల్లోనే గొయ్యి చేయగలడు, తాను నిలబడిన చోట కిందికి తవ్వలేడు. వెంటాడుతున్న కాపలావాడు గోతిలో పడితే అతని తల మీదుగా నడిచి అవతలికి పోవచ్చు. గొయ్యి కాసేపటికి దానంతట అదే పూడుకుపోతుంది. అప్పటికి కాపలావాడు పైకి ఎక్కకపోతే అందులోనే నలిగిపోతాడు. ఎర, ఎడం, సమయం అనే మూడింటితో శత్రువును గెలవడం ఆ ఆటలోనే పూర్తిగా కనిపిస్తుంది. నా దృష్టిలో కగెరోకు అసలైన పూర్వీకురాలు లోడ్ రన్నరే.

1984లో ఫస్ట్ స్టార్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన స్పై వర్సెస్ స్పై దీనికి ఇంకో మెలిక పెట్టింది. రెండుగా చీలిన తెర మీద ఇద్దరు గూఢచారులు ఒకే భవనంలో తిరుగుతూ తలుపుల మీద, బల్లల్లో, బీరువాల్లో ఒకరి కోసం ఒకరు ఉచ్చులు దాస్తారు. ఎక్కడ ఏది దాచామో మరచిపోతే తమ ఉచ్చే తమకు తగులుతుంది. ఇద్దరు కలిసి ఆడినప్పుడు అక్కడ వెంటాడేది కంప్యూటర్ నడిపే బొమ్మ కాదు, పక్కనే కూర్చున్న మనిషి. ఆ మనిషి ఆలోచనను ఊహించగలగడమే గెలుపు.

[తెర మీద: 2011 నాటి ఆర్క్స్ మస్ట్ డై ఆటలో గుంపులుగా వస్తున్న శత్రువులు, వరుసగా పని చేస్తున్న ఉచ్చులు.]

వ్యాఖ్యాత: తర్వాతి కాలంలో ఉచ్చుల ఆటలంటే కోటను కాపాడే ఆటలన్న అర్థమే ఎక్కువగా స్థిరపడింది. ఆర్క్స్ మస్ట్ డై అందుకు మంచి ఉదాహరణ. అందులో శత్రువులు గుంపులుగా ఒక ద్వారం వైపు పోతుంటారు, దారిలో అమర్చిన ఉచ్చులు వాటంతట అవే పని చేస్తాయి, ఆటగాడి చేతిలో విల్లు కూడా ఉంటుంది. అది చక్కని ఆటే. కానీ ఆ గుంపు వెళ్లేది ద్వారం వైపు, మీ వైపు కాదు. డిసెప్షన్‌లో వచ్చేవాడు మీ కోసం వస్తాడు. మీరు ఎటు నడిస్తే అతని దారి అటు వంగుతుంది. శత్రువు దారిని మన నడకతోనే గీయగలగడం ఈ వరుస ఆటలకు ప్రత్యేకమైన ఆనందం.

ఆ వచ్చేవాడు ఎవరన్న ప్రశ్నను కూడా ఈ ఆటలు వదిలిపెట్టలేదు. చొరబడిన వారికి పేరు, వృత్తి, కొద్దిపాటి గతం ఉంటాయి, ఆటను ఆపి వాటిని చదవవచ్చు. ఒకడు బహుమతి డబ్బు కోసం వచ్చి ఉంటాడు, ఒకడు పైవారి ఆజ్ఞ మీద, ఒకామె తనవాళ్లను పోగొట్టుకున్న దుఃఖంతో. కగెరో నాయిక మిలెనియా మనిషే అయినా, మనుషులు కాని టైమ్‌నాయిడ్ జాతి చేతిలో పెరిగి, వారి ఆజ్ఞ ప్రకారం మనుషులనే చంపవలసి వస్తుంది. ట్రాప్ట్ నాయిక అల్లూరా కన్నతండ్రిని చంపిందన్న నింద మోస్తూ పారిపోతున్న రాజకుమారి. అంటే తరుముతున్నవారు అందరూ చెడ్డవారు కారు, పారిపోతున్నవారు నిర్దోషులుగా మిగిలిపోరు. ఇప్పుడే చదివిన గతం గల మనిషిని నిప్పుగూడులోకి విసిరినప్పుడు లెక్క కుదిరిన సంతోషమూ, చేసిన పని బరువూ రెండూ ఒకేసారి కలుగుతాయి. కగెరోలో కథ చివరికి ఎటు తిరుగుతుందన్నది ఆటగాడి ఎంపికల మీద కూడా ఆధారపడి ఉండడం వల్ల, ఆ బరువు కథలోకి కూడా చేరుతుంది. ఉచ్చుల నిర్మాణం ఎంత గొప్పదైనా, ఈ వివరాలు లేకపోతే ఈ ఆటలు నాకు ఇంత దగ్గరయ్యేవి కావు.

[తెర మీద: డిసెప్షన్ 4. నాయిక లేగ్రిన్నా పక్కన ముగ్గురు భూతస్త్రీలు.]

వ్యాఖ్యాత: ప్లేస్టేషన్ 3, వీటా యంత్రాల మీద వచ్చిన డిసెప్షన్ 4లో ఉచ్చుల సంఖ్య పెరిగింది, ఒక గదిలో మూడింటికి మించి అమర్చే వీలు వచ్చింది. నాయిక లేగ్రిన్నా సైతాను కూతురు. ఆమెకు తోడుగా ఉన్న ముగ్గురు భూతస్త్రీలలో కేలియాకు చాతుర్యం ఇష్టం, వెరూజాకు క్రూరత్వం ఇష్టం, లిలియాకు ఎదుటివారిని అవమానించడం ఇష్టం. మీరు ఏ తరహా ఉచ్చులు వాడితే ఆ తరహా ప్రతిఫలం పెరుగుతుంది. తల మీద గుమ్మడికాయ బోర్లించి కళ్లు కనబడకుండా చేయడం, అరటి తొక్క మీద జారి పడేలా చేయడం లిలియా కోవలోకి వస్తాయి. ఇవి చూడడానికి నవ్వు తెప్పించేవిగా ఉన్నా, కాంబోలో వాటి విలువ చాలా ఎక్కువ. కళ్లు కనబడని శత్రువు గుడ్డిగా తిరుగుతూ, మామూలుగా ఎన్నడూ రాని గడిలోకి కూడా వస్తాడు.

ఈ సమృద్ధి వల్ల కాంబోలు ఎంతో పొడవుగా సాగుతాయి, వాటిని అల్లడం నిజంగా కళే. అయినా కగెరోలోని మూడు ఉచ్చుల హద్దు నాకు ఎక్కువ నచ్చుతుంది. మూడే ఉన్నప్పుడు ప్రతి గడి ఎంపికా ముఖ్యమవుతుంది, ఒక్కటి గురి తప్పినా ప్రాణం మీదికి వస్తుంది. స్త్రీ పాత్రల కవచాలు పగిలి దుస్తులు జారేలా చేసిన ఏర్పాటు కూడా నాల్గో భాగంలో ఉంది. ఆ పాత్రలకు రాసిన గతాలకు అది అన్యాయం చేస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒకరి దుఃఖాన్ని చదివించిన ఆట వెనువెంటనే ఆమెను చూపుల వస్తువుగా మార్చకూడదు. ఇది పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన ఆటన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

2015లో ఇదే వరుసలో వచ్చిన ది నైట్‌మేర్ ప్రిన్సెస్‌లో వెల్గ్విరీ అనే మరో నాయిక ఉంది. ఆమె శత్రువును కాలితో తన్నగలదు. చాలా కాలంగా ఈ ఆటలు ఆడేవారిని వేధించిన చిక్కు ఒకటుంది: శత్రువు ఉచ్చుకు ఒక్క గడి పక్కన ఆగిపోవడం. ఇప్పుడు ఒక తన్నుతో అతన్ని ఆ గడిలోకి పంపవచ్చు. దానివల్ల ఆట సులువవుతుంది, కొత్త రకం వరుసలు కూడా పుడతాయి. నడకతో మాత్రమే శత్రువును నడిపించే పాత క్రమశిక్షణ కొంత సడలుతుందన్నదీ నిజమే.

[తెర మీద: నాలుగు ఆటల ముఖచిత్రాలు పక్కపక్కన.]

వ్యాఖ్యాత: కొత్తగా మొదలుపెట్టేవారికి ది నైట్‌మేర్ ప్రిన్సెస్ అనువైనది, అందులో డిసెప్షన్ 4 కథ కూడా కలిసి ఉంది. ఆ తర్వాత పాత యంత్రం దొరికితే కగెరో ఆడండి. అక్కడ మొదటి గదిలోకి వెళ్లినప్పుడు ఉచ్చులు అమర్చడానికి తొందరపడకండి. శత్రువు ముందు కాసేపు ఊరికే నడవండి. అతను ఏ మూల దగ్గర తిరుగుతున్నాడు, ఎంత దూరంలో ఆగుతున్నాడు, మెట్ల మీద ఎంత నెమ్మదిస్తున్నాడు అన్నవి చూడండి. ఆ తర్వాతే పటం తెరిచి, మొదటి ఉచ్చుకు గడిని ఎంచుకోండి.