ఫ్లైఓవర్ ముక్కల్ని పట్టుకున్నది జిగురు కాదు

[అత్తాపూర్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద, పిల్లర్ పక్కన నిలబడి]

ఒకసారి తలెత్తి పైకి చూడండి. కొద్ది కొద్ది దూరంలో అడ్డంగా గీతలు కనిపిస్తున్నాయా? వీటి ఫోటో నాకు వాట్సాప్‌లో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. "ముక్కలు చేసి జిగురుతో అతికించారు, ఎండకు జిగురు కరిగితే మన గతేంటి?" అని కింద రాసుంటుంది. మొన్న మా పిన్ని కూడా పంపింది. ఆవిడ రోజూ ఈ దారినే పనికి వెళ్తుంది. నిజంగా భయపడి పంపింది. ఆ టెన్షన్ తీర్చాలనే ఈ వీడియో.

ముక్కలన్న మాట నిజమే. వాటిని సెగ్మెంట్లు అంటారు. మధ్యలో ఎపాక్సీ జిగురు రాస్తారన్నదీ నిజమే. కానీ బరువు మోసేది జిగురు కాదు.

[నేల మీది ఆరు ఇటుకలు చూపిస్తూ]

ఇల్లు కట్టే చోట మీరు చూసే ఉంటారు. ఇటుకల్ని వరుసగా ఆనించి పెట్టి, రెండు చివర్లా అరచేతులతో గట్టిగా నొక్కి, వరుసంతా ఒకేసారి లేపుతారు. ఇదిగో, ఇలా. మధ్య ఇటుకల కింద ఏమీ లేదు. జిగురు అసలే లేదు. అయినా పడట్లేదు. నేను నొక్కుతున్నంతసేపూ ఈ ఆరు ఇటుకలూ ఒకే దిమ్మ.

పైనున్నదీ ఇంతే. అక్కడ నా చేతుల పని ఉక్కు కేబుళ్లు చేస్తాయి. సెగ్మెంట్లలో ముందే వదిలిన గొట్టాల గుండా కేబుల్ దూర్చి, చివర జాక్ పెట్టి లాగి బిగిస్తారు. సాగిన ఉక్కు మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. ఆ ప్రయత్నంలో సెగ్మెంట్లన్నిటినీ రెండు వైపుల నుంచీ నొక్కేస్తుంది. ఏడు తీగలు పురిపెట్టిన తాడు, మందం 15.2 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలంత కూడా ఉండదు. దాన్ని సుమారు 20 టన్నుల బలంతో లాగుతారు. అలాంటివి 19 కలిపి ఒక కేబుల్ చేస్తే 380 టన్నులు! 30 మీటర్ల కేబుల్ ఆ లాగుడుకి దాదాపు జానెడు సాగుతుంది. ఉక్కు జానెడు సాగడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

[మళ్లీ ఇటుకలు లేపి]

ఇప్పుడు ఇటుకల పైఅంచునే నొక్కుతాను చూడండి... కింద నోరు తెరుచుకుని పడిపోయాయి. కింది అంచు వైపు నొక్కితే నిలుస్తాయి. బరువు పడితే పిల్లర్ల మధ్య భాగం కిందికి వంగబోతుంది, అడుగున విచ్చుకోబోతుంది. అందుకే అక్కడ కేబుల్‌ని అడుగుకు దగ్గరగా నడిపిస్తారు. కాంక్రీటు నొక్కుడుని బాగా ఓర్చుకుంటుంది. లాగుడుకి ఓర్చుకునేది అందులో పదోవంతే.

మరి నా చేతులు అలిసిపోతే? ఈ ప్రశ్నే ఫ్రాన్స్‌లో యూజీన్ ఫ్రెసినే అనే ఇంజనీరుని ఏళ్ల తరబడి వెంటాడింది. 1911-12లో ఆయన కట్టిన ల వెర్డ్ర్ వంతెన కమానులు కొన్ని నెలల్లోనే నెమ్మదిగా కుంగసాగాయి. నిరంతరం నొక్కుడులో ఉన్న కాంక్రీటు ఏళ్లపాటు కొద్దికొద్దిగా పొట్టిదవుతూనే ఉంటుందని ఆయన గ్రహించాడు. మన ఇటుకల వరుసే కురచైపోతే నా పట్టు సడలుతుంది కదా! ఆ రోజుల్లోని మామూలు ఇనుమును 30 మీటర్లకి రెండు సెంటీమీటర్లు సాగదీయడమే గొప్ప. కాంక్రీటు పొట్టిదవడంలోనే ఆ బిగింపంతా పోతుంది. అదే గట్టి ఉక్కు జానెడు సాగితే, అందులో రెండు సెంటీమీటర్లు పోయినా పట్టు మిగులుతుంది. 1928లో ఆయన పేటెంట్ తీసుకున్నది ఈ ఆలోచనకే. నా దృష్టిలో కాంక్రీటు చరిత్రలో ఇంతకంటే అందమైన ఆలోచన లేదు.

ఇటుకలు ఎగుడుదిగుడుగా ఉంటే నొక్కినా కుదురుకోవు. అందుకే సెగ్మెంట్లు తయారుచేసే యార్డులో ఒకదాన్ని పోసి, దాని ముఖానికే ఆనించి పక్కదాన్ని పోస్తారు. ఏది దేని పక్కనో ముందే నిర్ణయమై ఉంటుంది, మార్చడానికి లేదు. జిగురు పని ఆ ముఖాలు సమంగా ఆనేలా చూడటం, నీటిని రానివ్వకపోవడం. అంతే.

ఇంత శ్రమ ఎందుకు, అక్కడికక్కడే సెంట్రింగ్ కర్రలు నిలబెట్టి పోయొచ్చుగా అంటారా? మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, కింద రోడ్డు నిండా కర్రలు పెడితే ఊరు ఆగిపోతుంది. మూసీ మీద ఇంకా కష్టం. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు నీళ్లు ఎలా వచ్చాయో చూశాం కదా, నదిలో కర్రలుంటే ఒక్కటి మిగలదు. లాంచింగ్ గర్డర్ అనే పొడవాటి ఉక్కు యంత్రం అయితే పిల్లర్ల మీదే నిలబడి సెగ్మెంట్లని పైకి లాగి వేలాడదీస్తుంది, నేలతో పనిలేదు.

టైమ్ అయిపోతోంది, త్వరగా చెప్తాను. పిన్ని భయంలో ఒక నిజం ఉంది. వేల్స్‌లో 1953లో సెగ్మెంట్లతో కట్టిన ఇనిస్-ఎ-గ్వాస్ వంతెన 1985 డిసెంబరులో హెచ్చరిక లేకుండా కూలింది. అతుకుల్లోంచి ఉప్పు నీరు దిగి కేబుళ్లని తినేసింది. కేబుల్ గొట్టాల్లో సిమెంట్ పాలు ఖాళీ లేకుండా నింపాలనేది ఇందుకే. పైన వాన నీరు పోయే పైపులు మూసుకుపోకూడదనేదీ ఇందుకే. బండి మీద వెళ్తుంటే వినిపించే టక్ టక్ చప్పుడు మాత్రం వేరు. ఎండకు వంతెన పెరగడానికి వదిలిన సందు అది, ఉండి తీరాలి.

కాబట్టి పిన్నీ, ఉట్టి గీత కనిపిస్తే ఫోటో పంపకు. గీత వెంట తుప్పు రంగు మరక కారుతుంటే మాత్రం ఫోటో తీసి, కింద పిల్లర్ నంబర్ కూడా పడేలా చూసి, వెంటనే అధికారులకి పంపు.